కిరాయి ఇల్లు – కనబడని యజమాని

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పినారు. కిరాయి ఇల్లు వెదకి చూడు అను మూడవ మాటను వారు చేర్చలేదు. వారి కాలమున ఆ అవసరము ఇంతగా లేకపోవుటయే అందుకు కారణము కావచ్చును. నేడు హైదరాబాదు నగరమున, అందును తూర్పు దిక్కున పెరుగుచున్న ఉప్పల్, నాచారము, కీసర ప్రాంతములలో, ఏదో యొకనాడు కిరాయి ఇంటికై తిరుగని కుటుంబములు అరుదు. కష్టపడి కట్టుకొన్న ఇంటిలో ఒక వాటాను కిరాయికిచ్చి, ఆ వచ్చు పైకముతో కాలము గడుపుకొను వృద్ధ దంపతులును తక్కువ లేరు. ఈ యిరువురి అవసరమును కనిపెట్టి, ఇరువురిని వంచించు ఒక క్రొత్త వృత్తి ఈ కాలమున పుట్టినది. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటయే నా ఉద్దేశము.

మొదట ఈ ప్రాంతపు స్థితిని ఒకమారు తలచుకొందము. నాచారమున పరిశ్రమలును, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రియును, ఉప్పల్ దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయును, సీసీఎంబీయును చిరకాలముగా ఉన్నవి. 2017 నవంబరులో నాగోలు నుండి అమీర్‌పేట వరకు మెట్రో రైలు నడువసాగినది. పోచారము వైపు సాఫ్ట్‌వేరు కార్యాలయములు, కీసర చుట్టుప్రక్కల ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. జనగామ, భువనగిరి, వరంగల్లు వైపు నుండి ఉద్యోగమునకో చదువునకో నగరమునకు వచ్చువారిలో పెక్కుమంది ఉప్పల్ కూడలియందే మొదట కాలు మోపుదురు. వారికి తక్షణము కావలసినది తల దాచుకొనుటకు ఒక గది.

ఇదివరలో ఆ గదిని వెదకు విధానము వేరుగా ఉండెడిది. గల్లీగల్లీ తిరిగి, గేట్లకు వ్రేలాడు టులెట్ బోర్డులను చూచుకొనుచు పోయెడివారము. బోర్డు చూచి గేటు తట్టినచో యజమానురాలు బయటికి వచ్చెడిది. మనము ఆమెను చూచెడివారము. ఆమె మనలను ఎగాదిగా చూచెడిది. ఎందరు ఉందురు, ఎక్కడ పని, ఏ ఊరు అని అడిగెడిది. మనమును నల్లా నీళ్లు ఎన్నాళ్లకొకసారి వచ్చును, కరెంటు మీటరు వేరుగా ఉన్నదా అని అడిగెడివారము. ఈ విచారణ అప్పుడు మనకు విసుగు పుట్టించినను, అందులో గొప్ప రక్షణ ఉండెడిది. ఆ బోర్డు ఆ గేటునకే కట్టబడి ఉన్నది. ఆ గేటు ఆ ఇంటిది. తాళపుచెవి ఆమె కొంగున ఉన్నది. ఇల్లు, ఇంటివారు, ప్రకటన అను మూడును ఒక్కచోట ఉన్నవి.

నేడు ప్రకటన ఫోనులోనికి వచ్చినది. ఇందువలన మేలు లేకపోలేదు. ఎండలో తిరుగుట తప్పినది. పదిమంది దళారులకు చెప్పుకొనుట తప్పినది. కాని ప్రకటన గేటును విడిచి బయలుదేరినది. ఇల్లు ఒకచోట, ఇంటివారు వేరొకచోట, ప్రకటన చేసినవాడు ఇంకొకచోట ఉండుటకు వీలు కలిగినది. మోసగాడు నిలుచున్నది ఆ ఎడమునందే.

ఈ మోసము రెండు రూపములు గలది. మొదటిది దొంగ యజమాని రూపము. ఒక యువకుని అనుభవము చెప్పెదను. జనగామ ప్రాంతమువాడు, ఉప్పల్‌లో ఉద్యోగము దొరకినది. మెట్రో స్టేషనుకు దగ్గరగా రెండు పడకగదుల ఇల్లు, చుట్టుప్రక్కల కిరాయిలలో మూడవవంతు తక్కువకు దొరకునని ఫోనులో చూచినాడు. చిత్రములలో ఇల్లు ముచ్చటగా ఉన్నది. ఫోను చేసినాడు. అవతలివాడు ఎంతో ఆప్యాయముగా మాటలాడినాడు. “తమ్మీ, నేను బదిలీ మీద వేరే రాష్ట్రంల ఉన్న. ఇల్లు మీలాంటి మంచివాళ్లకు ఇయ్యాలని ఉంది. నీకన్న ముందు ముగ్గురు అడుగుతున్నరు. సాయంత్రంలోగ బయానా పంపితే నీకే ఉంచుత” అన్నాడు. యువకుడు, “సరే అన్నా” అని ఐదువేలు పంపినాడు. ఇల్లు చూచుటకు గేటు పాసు కావలెనని, ఆ సొమ్ము తరువాత కిరాయిలో తగ్గింతునని రెండువేలు; కిరాయి పత్రము వ్రాయించుటకని ఇంకొక మూడువేలు కోరగా అవియును పంపినాడు.

ఆదివారమునాడు పెట్టెలతో బస్సు దిగి ఆ ఇంటి ముందు నిలిచినాడు. ఇల్లు నిజమైనదే. గోడల రంగు సయితము చిత్రములలో ఉన్నట్లే ఉన్నది. అయితే అందులో ఒక కుటుంబము కాపురమున్నది. వెనుకటి సంవత్సరము వారే ఆ యింటిని కిరాయికిచ్చుటకు ప్రకటన చేసి, ఆ ఆలోచన మానుకొన్నారు. ఆనాటి చిత్రములను ఎవడో ఎత్తుకొని వాడుకొన్నాడు. ఆ యింటి ఇల్లాలు జరిగినది విని, పిల్లవానిని లోపల కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చినదట. “పదివేలు పోయినందుకంటె, పెట్టె చేతబట్టుకొని పరుల ఇంటి ముందు నిలువవలసి వచ్చినందుకు ఎక్కువ బాధ కలిగింది” అని ఆ యువకుడు నాతో చెప్పినాడు.

ఈ యుక్తి మన ఊరికి మాత్రమే పరిమితమైనది కాదు. ఉన్నత విద్యకై అమెరికాకు పోవు మన పిల్లలును, విమానమెక్కుటకు ముందే అక్కడ వసతి కుదుర్చుకొనవలెనను తొందరలో ఇట్టి వలలో చిక్కుకొను ప్రమాదము గలదు. ఇతరుల ప్రకటనను ఎత్తుకొని ఫోను నంబరు మాత్రము మార్చి వేయుదురనియు, ఇల్లు చూడకమునుపు పైకము కోరువానిని నమ్మరాదనియు, గిఫ్టు కార్డుల ద్వారా చెల్లింపుమనువాడు మోసగాడేననియు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రజలను హెచ్చరించుచున్నది. అట్టి విద్యార్థులు చేరబోవు విశ్వవిద్యాలయపు వసతి కార్యాలయమునో, అక్కడ ఇదివరకే ఉన్న తెలుగు విద్యార్థులనో అడిగి, వారిలో ఒకరు స్వయముగా ఇల్లు చూచిన తరువాతనే పైకము పంపవలెను.

రెండవది దొంగ కిరాయిదారు రూపము. ఇది మరింత విచిత్రమైనది. ఏలన, డబ్బు పుచ్చుకొనవలసినవాడే ఇందులో డబ్బు పోగొట్టుకొనును. నాచారమున మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు. పేరు చెప్పుట న్యాయము కాదు. మేడమీది వాటా ఖాళీ కాగా, కుమారుని సాయముతో ఫోనులో ప్రకటన పెట్టించినారు. మరునాడే హిందీలో ఫోను వచ్చినది. తాను సైనికోద్యోగిననియు, సికింద్రాబాదుకు బదిలీ అయినదనియు, భార్యాబిడ్డలను వెంటనే దింపవలెననియు ఆ వ్యక్తి చెప్పినాడు. మన సికింద్రాబాదు సైనిక స్థావరము గల ఊరు. హకీంపేటలో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళము వారి శిక్షణాలయము ఉన్నది. కావున ఆ మాట నమ్మదగినదిగానే తోచినది. యూనిఫారములోనున్న చిత్రము, గుర్తింపు కార్డు, ఆధారు కార్డు అన్నియు పంపినాడు. సైనికుడనగా మనకు గౌరవము. ఆ గౌరవమే వాని పెట్టుబడి.

“మాస్టర్ సాబ్, మా దళంలో డబ్బు పంపే పద్ధతి వేరు. మొదట మీరు ఒక్క రూపాయి పంపండి, మీకు రెండు రూపాయలు వస్తవి” అన్నాడు. మాస్టరుగారు పంపినారు, రెండు రూపాయలు వచ్చినవి. నమ్మకము కుదిరినది. అనంతరము, రెండు నెలల అడ్వాన్సు 24,000 రూపాయలు అందుకొనుటకని ఒక క్యూఆర్ కోడు పంపి, దానిని స్కాను చేసి పిన్ నొక్కుమన్నాడు. నొక్కగానే 24,000 వచ్చుటకు బదులు పోయినవి. అవతలివాడు ఏమాత్రము తడబడలేదు. “పొరపాటైంది సార్, మరల ఒకసారి చేయండి, రెండూ కలిపి తిరిగి వస్తవి” అన్నాడు. కంగారులో ఆయన రెండవమారును నొక్కినారు. 48,000 రూపాయలు పది నిమిషములలో పోయినవి.

ఇందులోని కీలకమును గ్రహింపుడు. నమ్మకమును కొనుటకు మోసగాడు వెచ్చించినది ఒక్క రూపాయి. ఆ చిత్రములును, కార్డులును పెక్కుసారులు పరులవి. గుర్తింపు కార్డు యొక్క చిత్రమును చూచుట మనిషిని చూచుట కాదు.

ఫోను ద్వారా డబ్బు చెల్లించు యూపీఐ పద్ధతి 2016లో ఆరంభమైనది. అందులో ఒక సూత్రము ఇంటిల్లిపాదియు కంఠస్థము చేయదగినది. డబ్బు మన ఖాతానుండి పోవునపుడే పిన్ కావలెను. మన ఖాతాలోనికి వచ్చుటకు పిన్‌తో పనిలేదు. ఇతరులు పంపిన కోడును మనము స్కాను చేసి పిన్ నొక్కుట యనగా మన బీరువా తాళము మన చేతితో తీయుటయే. ఒక వ్యక్తి మరియొక వ్యక్తికి ‘ఇంత పంపుము’ అని ఫోనులో అభ్యర్థన పంపు సదుపాయమును, మోసములు పెరిగినందున, 2025 అక్టోబరు 1 నాటినుండి జాతీయ చెల్లింపుల సంస్థ నిలిపివేయించినది. కాని క్యూఆర్ కోడు వాడుకలోనే ఉన్నది. కావున సూత్రమును మరువరాదు. అట్లే, మీ ఖాతాలో పొరపాటున ఎక్కువ జమ చేసితిని, మిగిలినది త్రిప్పి పంపుమని ఎవడైన కోరినచో, వచ్చిన సందేశమును నమ్మక, బ్యాంకు ఖాతాను తెరచి నిల్వ చూచుకొనవలెను.

ఇట్టి మోసములన్నింటికిని ఊపిరి తొందర. మన యిండ్లలో తొందరకు కారణములు ఉండనే ఉన్నవి. ఆషాఢమున ఇల్లు మారరు; కావున దానికి ముందే మారవలెను, లేదా శ్రావణము రాగానే పాలు పొంగింపవలెను. జూన్ నెలలో బడులు తెరచునప్పటికి పిల్లలను చేర్పింపవలెను. కీసరగుట్ట స్థలపురాణములోను ముహూర్తపు తొందర ఉన్నది. లింగప్రతిష్ఠకై శ్రీరాముడు హనుమంతుని కాశికి పంపెననియు, ముహూర్తము సమీపించినను అతడు రాకపోగా శివుడే ప్రత్యక్షమై లింగమును ప్రసాదించెననియు, ఆ వెనుక హనుమంతుడు నూటయొక్క లింగములతో తిరిగి వచ్చెననియు చెప్పుదురు. అక్కడ తొందర తీర్చుటకు శివుడు వచ్చినాడు. మన తొందర తీర్చుటకు ఫోనులో వచ్చువాడు శివుడు కాడు. ముహూర్తము మించినచో పంచాంగములో మరియొకటి దొరకును.

కావున ఏమి చేయవలెను? టులెట్ బోర్డు మనకు నేర్పిన పద్ధతినే మరల పట్టుకొనవలెను. ప్రకటన ఫోనులో చూడవచ్చును. కాని గేటు తట్టక, తలుపు తెరిపించి లోపల చూడక, తాళపుచెవి గల మనిషితో ముఖాముఖి మాటలాడక, ఒక్క రూపాయియైన కదలరాదు. గేటు పాసునకు, ఇల్లు చూచుటకు, పేరు నమోదునకు అని ముందుగా సొమ్ము కోరినచో అక్కడనే మాట చాలింపవలెను. మీరు దూరమున నుండినచో నగరములోని బంధువునో స్నేహితునో పంపుడు. అట్టివారెవరును లేకున్నచో, మొదటి వారము హాస్టలులోనో సత్రములోనో గడిపి, స్వయముగా వెదకుకొనుట మేలు. ఆ వారపు ఖర్చు పోగొట్టుకొను బయానాకంటె తక్కువ.

ఇంటికి పోయినపుడు వీధి చివర కిరాణా దుకాణములో, ఇస్త్రీ బండివద్ద, అపార్టుమెంటైనచో వాచ్‌మన్ వద్ద, ఆ ఇల్లు ఎవరిదని అడుగుడు. ఇంతకన్న చౌకయైన విచారణ లేదు. పిదప యజమానిని కరెంటు బిల్లు, ఇంటిపన్ను రశీదు చూపుమని మర్యాదగా కోరుడు. వానిలోని పేరును, ఎదుటనున్న వ్యక్తి పేరును, డబ్బు పంపునపుడు ఫోనులో కనబడు ఖాతాదారుని పేరును ఒక్కటేనా అని సరిపోల్చుకొనుడు. బిల్లు తండ్రి పేరనో భార్య పేరనో ఉండుటయు కలదు. అట్టిచో ఆ సంబంధమును తెలిసికొనుడు. పెద్ద మొత్తము అడ్వాన్సుగా ఇయ్యవలసి వచ్చినపుడు, రిజిస్ట్రేషన్ల శాఖ వారి వెబ్‌సైటులో ఈసీ చూచినచో ఆ ఆస్తి ఎవరి పేరున ఉన్నదో తెలియగలదు. నిజమైన యజమాని వీనికి కోపగింపడు. కోపగించినచో, ఆ కోపమే మనకు సమాధానము.

కిరాయి పత్రము వ్రాసికొనుట మరువరాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము సంవత్సరమునకు మించిన కిరాయి ఒప్పందమును రిజిస్టరు చేయింపవలెను. అందుచేతనే పదునొకండు నెలల పత్రము వాడుకలోనికి వచ్చినది. పత్రము పదునొకండు నెలలకైనను, అందులో ఇరువురి చిరునామాలు, అడ్వాన్సు మొత్తము, అది తిరిగి ఇయ్యవలసిన గడువు స్పష్టముగా నుండవలెను. ఆధారు ప్రతి ఇయ్యవలసి వచ్చినచో, చివరి నాలుగంకెలు మాత్రము కనబడు మాస్క్‌డ్ ఆధారు ఇచ్చుట మంచిది. మనము పంపిన కార్డే రేపు మరియొకరిని వంచించుటకు సాధనము కాగలదు. ఇంటి యజమానులును వచ్చినవారిని ప్రత్యక్షముగా చూచి, వారు పనిచేయు చోట విచారించి, తరువాతనే అడ్వాన్సు మాట ఎత్తవలెను. నిజమైన సైనికోద్యోగి తన భార్యాబిడ్డలు ఉండబోవు ఇంటిని చూడకుండ డబ్బు పంపుటకు తహతహలాడడు.

ఇక చివరి విషయము. ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను మోసము జరుగవచ్చును. అప్పుడు మాత్రము తొందరయే మందు. దేశమంతటికిని 1930 అను ఫోను నంబరు ఉన్నది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను వెబ్‌సైటు ఉన్నది. మన రాష్ట్రమున 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరోయును ఏర్పడినది. మీరు 1930కి ఫోను చేసి, డబ్బు పోయిన వేళ, మొత్తము, లావాదేవీ సంఖ్య, అవతలివాని ఫోను నంబరు చెప్పినచో, ఆ సమాచారము డబ్బు చేరిన బ్యాంకునకు పోవును. డబ్బు ఇంకను ఆ ఖాతాలో నుండినచో దానిని కదలకుండ నిలిపివేయుదురు. మరియొక బ్యాంకునకు దాటిపోయియుండినచో అచ్చటికి వర్తమానము పోవును. దొంగయును ఈ సంగతి యెరిగి, డబ్బును ఖాతానుండి ఖాతాకు మార్చుచు వేగముగా తీసికొనుటకు చూచును. కావున మొదటి గంట అమూల్యమైనది. వెంటనే మీ బ్యాంకునకును తెలుపుడు. ఫోనులోని సందేశములను తుడిచివేయకుడు; అవియే సాక్ష్యము.

మా మాస్టరుగారు ఆ గంటను పోగొట్టుకొన్నారు. తెలియకకాదు. నలుబదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాడను, ఒక్క రూపాయి లెక్కలో మోసపోతినని ఎవరికి చెప్పుకొందునని సిగ్గుపడినారు. భార్యకు చెప్పలేదు. రెండు రాత్రులు నిదురలేక గడిపినారు. మూడవనాడు కుమారుడు ముఖము చూచి, “నాన్నా, ఏమైంది?” అని అడుగగా బయటపడినారు. కుమారుడు వెంటనే ఫోను చేసినాడు, ఫిర్యాదు నమోదైనది, కాని అప్పటికే ఖాతా ఖాళీ. ఆ పిల్లవాడు తండ్రిని ఒక్క మాట అనలేదు. “మొదటి రోజే చెప్పితే బాగుండేది నాన్నా” అని మాత్రము అన్నాడట. “ఆ మాట చాలును, పోయిన డబ్బుకంటె అదే నన్ను ఎక్కువ కదిలించినది” అని మాస్టరుగారు నాతో అన్నారు. ఇతరులకు ఉపయోగపడునేని చెప్పుమని, ఈ ప్రసంగమునకు ఆయనయే అనుమతి యిచ్చినారు.

కనుక శ్రోతలకు నా మనవి రెండు మాటలు. ఇయ్యకమునుపు నిదానింపుడు, పోయిన పిమ్మట ఆలస్యము చేయకుడు. ఇంటిలో ఎవరైన ఇట్లు మోసపోయివచ్చినచో, వారిని దెప్పిపొడువకుడు. దెప్పుదురన్న భయమే వారి నోరు మూయించును. ఆ మౌనమే దొంగకు దారి యిచ్చును. ఈ రాత్రియే, రేడియో కట్టివేసిన తరువాత, ఒక చిన్న కాగితముమీద 1930 అను అంకెలు వ్రాసి, ఇంటివారందరికి కనబడు గోడకు అంటింపుడు. దాని అవసరము మీ ఇంటికి ఎన్నడును రాకుండుగాక! సెలవు.